వేన్నీళ్ళకు ఇల్లు కాలునా?

బస్తరు అడవుల దక్షిణపు అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకొని పామేడు అనే ఊరు ఉన్నది. పరిపాలన రీత్యా అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బీజాపూర్ జిల్లాకు చెందినది. రాకపోకల రీత్యా మాత్రం ఆ ఊరివారు చిరకాలం తెలంగాణ వైపున్న చర్ల మీదనే ఆధారపడ్డారు. చలికాలంలో అడవి మీద మంచు కమ్మే వేళ ఇటువంటి ఊళ్ళలో తెల్లవారక మునుపే వాకిట పొయ్యి రాజుకుంటుంది. మూడు రాళ్ళు, నాలుగు ఎండుకట్టెలు, మసిబారిన ఒక కాగు. ఇంతే సరంజామా. నీళ్ళు కాగుతాయి, ఆవిరి పైకి పోతుంది, ఇంటిల్లిపాదీ వంతులవారీగా స్నానం చేస్తారు.

ఈ కాగుకు మీట లేదు, దీపం లేదు, వేడిని కొలిచే సాధనం లేదు. అయినా అది ఎన్నడూ హద్దు మీరి వేడెక్కదు. కారణం నీటి స్వభావంలోనే ఉన్నది. సముద్రమట్టం వద్ద నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఆపైన ఎంత మంట పెట్టినా మూతలేని పాత్రలోని నీటి వేడి ఒక్క డిగ్రీ అయినా పెరగదు. అదనపు వేడి అంతా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. ఆ ఖర్చు కూడా సామాన్యమైనది కాదు. ఒక కిలో నీటిని 25 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 314 కిలోజౌళ్ళ శక్తి చాలు. అదే కిలో నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి మరి 2,257 కిలోజౌళ్ళు కావాలి. అంటే ఏడు రెట్లు. పొయ్యి మీది నీళ్ళ మాట మరచిపోయి ఇల్లాలు పొలానికి వెళ్ళినా, ఆమె తిరిగి వచ్చేసరికి జరిగే నష్టం మహా అయితే నీళ్ళు ఇగిరి, కాగు అడుగు మాడడమే.

“వేన్నీళ్ళకు ఇల్లు కాలునా?” అన్న సామెత ఇటువంటి కాగు విషయంలో అక్షరాలా నిజం. అయితే ఆ నీళ్ళనే ఉక్కు పీపాలో పోసి, నాలుగు వైపులా మూసి, గోడకు బిగించి, విద్యుత్తుతో కాచడం మొదలుపెట్టిన తరువాత సామెతకు పూర్వపు ధీమా మిగలలేదు. నేడు పట్టణాలలోనే కాక మండల కేంద్రాలలోనూ స్నానాల గదిలో తలపైన వేలాడుతున్న గీజరు ఇంటిలోని వస్తువులన్నింటిలో తక్కువ పరీక్షకు నోచుకున్నది. అది అతిగా వేడెక్కినప్పుడు ఏమి జరుగుతుంది? ముందుగా ఏ గుర్తులు కనిపిస్తాయి? ఇంటివారు చేయదగినదేమి, చేయరానిదేమి?

కాగు నుండి గీజరు దాకా

మూడు రాళ్ళ పొయ్యికీ గీజరుకూ నడుమ తెలుగు ఇళ్ళలో ఒక మధ్యకాలపు సాధనం ఉండేది. రాగితోనో ఇత్తడితోనో చేసిన నిలువు బాయిలరు అది. హైదరాబాదు ప్రాంతంలో దానిని హమాము అనేవారు. పాత్ర నడుమ ఒక గొట్టం, గొట్టంలో బొగ్గులో చితుకులో, చుట్టూ నీళ్ళు, ప్రక్కన కుళాయి. పై గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే అన్ని వేన్నీళ్ళు బయటికి వచ్చేవి. దానికి కూడా పైన నోరు తెరచే ఉండేది. ఆవిరి దారి ఆవిరి చూసుకునేది. ఇంటి పెద్దలు పిల్లలకు నేర్పిన నియమం ఒక్కటే: నీళ్ళు పోయనిదే నిప్పు వేయరాదు. ఒట్టి పాత్రకు మంట తగిలితే అతుకులు ఊడిపోతాయి గనుక.

గీజరు అన్న పేరు ఐస్‌లాండు దేశం నుండి వచ్చినది. అక్కడ భూమిలో నుండి వేడినీటిని చిమ్మే ఊటకు గేసిర్ అని పేరు. 1868లో లండనులో బెంజమిన్ మాహన్ అనే వ్యక్తి గ్యాసు మంటతో అప్పటికప్పుడు నీరు కాచే యంత్రానికి పేటెంటు పొంది, దానికి ఈ పేరు పెట్టాడు. ఆ యంత్రానికి పొగగొట్టం లేదు. కాలిన వాయువులు స్నానాల గదిలోకే వచ్చేవి. ఆ లోపం చేసే హాని అంతటితో ముగిసిపోలేదు. దాని ప్రసక్తి మున్ముందు వస్తుంది. 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, నార్వే నుండి వలస వచ్చిన ఎడ్విన్ రూడ్ అనే ఇంజనీరు నీటిని నిలవ ఉంచి, వేడిని తనంతట తాను అదుపు చేసుకునే యంత్రాన్ని రూపొందించాడు. నేటి గీజర్లన్నీ దాని సంతతే.

మూసిన పాత్ర ప్రమాదాన్ని మనిషి అంతకు ఎంతో ముందే గ్రహించాడు. ఫ్రాన్సులో పుట్టిన డెనీ పాపిన్ 1679లో లండనులోని రాయల్ సొసైటీకి ఒక వంటపాత్రను చూపించాడు. ఆవిరిని లోపలే బంధించి ఎముకలను సైతం మెత్తబరచే పాత్ర అది. పాత్ర పగలకుండా బరువు తూచిన కవాటాన్ని దానికి అమర్చినవాడు కూడా అతడే. ఈనాడు ప్రతి వంటింటిలో ఈల వేసే ప్రెషర్ కుక్కరుకు ఆ పాత్రే మూలపురుషుడు. కుక్కరు మీది బరువును, మూతకున్న సేఫ్టీ ప్లగ్గును ఎరిగిన గృహిణికి గీజరు రహస్యం సగం తెలిసినట్లే.

అరగంట లెక్క

సాధారణంగా ఇళ్ళలో ఉండే 25 లీటర్ల గీజరును తీసుకొని లెక్క వేసి చూడవచ్చు. దాని కాయిల్ శక్తి 2,000 వాట్లు. కుళాయి నీరు 25 డిగ్రీలున్నదనుకుంటే, దానిని 60 డిగ్రీలకు తేవడానికి ఇంచుమించు 30 నిమిషాలు పడుతుంది. అక్కడ థర్మోస్టాట్ కరెంటును ఆపివేయాలి, దీపం ఆరిపోవాలి. థర్మోస్టాట్ పట్టివేసి కరెంటు ఆగకపోతే మరి 35 నిమిషాలలో నీరు 100 డిగ్రీలకు చేరుతుంది. అనగా మీట వేసిన గంటా అయిదు నిమిషాలకు, ఇంటివారు మాటలలోనో టీవీ ముందో ఉండగా, గీజరు మరుగు స్థాయిని అందుకుంటుంది.

కాగులో అయితే ఇక్కడ కథ ఆగిపోవును. గీజరులో ఇక్కడే మొదలవుతుంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల నీరు 65 డిగ్రీలకు చేరేసరికే దాని పరిమాణం సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. నీరు గాలివలె అణగదు. దానికి పోవడానికి చోటు లేకపోతే పీపా గోడలను నెట్టుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ మరిగే స్థాయి కూడా పెరుగుతుంది గనుక నీరు 100 డిగ్రీలు దాటినా ఆవిరి కాకుండా నీరుగానే ఉండిపోతుంది. 150 డిగ్రీల వద్ద దాని ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి ఇంచుమించు అయిదు రెట్లు.

ఆ స్థితిలో పీపా ఎక్కడైనా విచ్చినదనుకోండి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. నీటిలో దాదాపు పదవ వంతు ఆ క్షణమే ఆవిరిగా మారుతుంది. నీరు ఆవిరి అయినప్పుడు దాని పరిమాణం 1,600 రెట్లకు మించి పెరుగుతుంది. 25 లీటర్ల గీజరు నుండి అట్లా వెలువడే ఆవిరి మూడున్నర వేల లీటర్లు. చిన్న స్నానాల గదిలో సగాన్ని అది రెప్పపాటులో నింపివేస్తుంది. తలుపులను ఊడగొట్టేది, గోడలను చీల్చేది ఈ ఆవిరే. సామెత తలకిందులయ్యేది ఇక్కడనే.

ముగ్గురు కావలివారు

ఇంతటి ప్రమాదం పొంచి ఉన్నా గీజర్లు అరుదుగానే పేలుతాయి. కారణం, సరిగా తయారైన ప్రతి గీజరుకు ముగ్గురు కావలివారు ఉంటారు. ఒకరు నిద్రపోతే మరొకరు మేల్కొని ఉండాలన్నది ఏర్పాటు.

మొదటివాడు థర్మోస్టాట్. నీటి వేడిని పసిగట్టి, నిర్ణయించిన స్థాయి రాగానే కరెంటును ఆపి, చల్లబడగానే మళ్ళీ కలుపుతుంది. ఏడాదిలో వేలసార్లు తెరుచుకొని మూసుకునే మీట గనుక ముందుగా అరిగేది కూడా ఇదే. దాని లోపలి స్పర్శలు కాలి ఒకదానికొకటి అంటుకుపోతే కరెంటు ఇక ఆగదు.

రెండవవాడు థర్మల్ కటౌట్. థర్మోస్టాట్ కంటె పై స్థాయిలో ఇది పనిచేస్తుంది. ఒకసారి తెగిపోయినదంటే చాలా గీజర్లలో మనిషి చేత్తో నొక్కితే గాని తిరిగి కలవదు. అట్లా చేయడంలో ఉద్దేశం స్పష్టం: ఏదో తప్పు జరిగినదని ఇంటివారికి తెలియాలి.

మూడవవాడు సేఫ్టీ వాల్వు. విద్యుత్తుతో సంబంధం లేకుండా ఒత్తిడికి మాత్రమే లోబడి ఇది పనిచేస్తుంది. ఒత్తిడి హద్దు దాటితే నోరు తెరచి నీటిని బయటికి వదులుతుంది. చాలా గీజర్లలో ఇదే వాల్వు వేడినీరు వెనుకకు మళ్ళి చన్నీటి గొట్టంలోకి పోకుండా కూడా కాపాడుతుంది.

అతి వేడిమి వల్ల జరిగిన పెద్ద ప్రమాదాలను పరిశీలిస్తే ఒక్క కావలివాని తప్పుతో జరిగినవి తక్కువ. ఒకటి పాడయినది, రెండవదానిని ఎవరో తప్పించారు, మూడవదానిని ఎవరో మూసివేశారు. ఆ “ఎవరో” చాలాసార్లు ఇంటివారే, లేక వారు పిలిచిన అరకొర పనివారే.

గీజరు ముందే చెప్పే మాటలు

యంత్రం చెడిపోయే ముందు తన భాషలో హెచ్చరిస్తుంది. ఆ భాష నేర్చుకోవడం కష్టం కాదు.

కుళాయి తిప్పగానే నీటితో పాటు ఆవిరి బుస్సుమని వచ్చినా, నీరు తుంపరలుగా ఎగజిమ్మినా థర్మోస్టాట్ పట్టివేసినదని గ్రహించాలి. ఇది మొదటి తరగతి ప్రమాద సూచన. మరుసటి రోజుకు వాయిదా వేయదగినది కాదు.

నీళ్ళు వాడకుండా గంటకు పైగా ఉంచినా దీపం ఆరకపోవడం రెండవ గుర్తు. పై లెక్క ఇక్కడ ఉపయోగపడుతుంది. 25 లీటర్ల గీజరు అరగంట అటూ ఇటూగా ఆగిపోవాలి. ఊళ్ళో వోల్టేజి తక్కువగా ఉంటే కాలం పెరుగుతుంది: 230 వోల్టులకు బదులు 200 వోల్టులే వస్తే కాయిల్ శక్తి మూడు వంతులకు తగ్గి, అరగంట పని 40 నిమిషాలు పడుతుంది. దానిని కూడా దృష్టిలో ఉంచుకొని గడియారం చూస్తే థర్మోస్టాట్ ఆరోగ్యం తెలిసిపోతుంది. ఈ పరీక్షకు పనిముట్లు అక్కరలేదు.

చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేన్నీళ్ళు రావడం మూడవ గుర్తు. వ్యాకోచించిన నీరు వెనుకకు తన్నుతున్నదని, వెనుకకు పోనీయని వాల్వు పాడయినదని అర్థం.

పెనం మీద నీళ్ళు చల్లినట్లు చిటపటలు, లోపల గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడు నాలుగవ గుర్తు. కాయిల్‌కు గార పట్టినదని ఆ శబ్దానికి అర్థం.

అయిదవది సేఫ్టీ వాల్వు నుండి నీరు కారడం. ఇక్కడ రెండు రకాలు వేరుచేసి చూడాలి. నీరు కాగే సమయంలో మాత్రమే చుక్కచుక్కగా కారి, తరువాత ఆగిపోతే వాల్వు తన పని తాను చేస్తున్నట్లే. వ్యాకోచించిన ఆ 400 మిల్లీలీటర్లకు అదే దారి. గీజరు చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుంటే, వాల్వులో గార చేరి ఉండవచ్చు, లేదా గొట్టంలో ఒత్తిడి ఎక్కువై ఉండవచ్చు. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున పెరుగుతుంది. ఎత్తైన అపార్టుమెంట్లలో క్రింది అంతస్తుల వారికి ఈ బాధ ఎక్కువ; దానికి ఒత్తిడి తగ్గించే వాల్వు ప్రత్యేకంగా ఉన్నది.

ఈ కారే చుక్కను చూసి విసుగు చెందిన గృహస్థు చేసే పని ఒకటున్నది. గుడ్డపీలిక చుట్టి, చెక్కబిరడా కొట్టి, లేదా ఇనుప మూత బిగించి ఆ నోటిని మూసివేస్తాడు. నేల తడి ఆరిపోతుంది, మనసు కుదుటపడుతుంది. కాని ఆ క్షణం నుండి ఆ గీజరు నోరు కట్టివేసిన కుక్కరు. థర్మోస్టాట్ పాడయ్యే రోజు కొరకు ఎదురుచూడడమే దానికి మిగిలిన పని. కటౌట్ మాటిమాటికీ పడిపోతున్నదని దానిని తప్పించి తీగలు నేరుగా కలపడం కూడా ఇటువంటిదే. కావలివాడు పదేపదే కేక వేస్తున్నాడంటే దొంగ వస్తున్నాడని అర్థం గాని, కావలివాని గొంతు నొక్కమని కాదు.

ఆవిరి కనిపించిన క్షణాన

కుళాయి నుండి ఆవిరి వస్తే మొదట చేయవలసినది స్నానాల గది నుండి బయటికి రావడం. తరువాత గీజరు మీటతో సరిపెట్టక, వీలైతే బయటనున్న ఎం.సి.బి. వద్దనే కరెంటు ఆపాలి. పిల్లలను ఆ గదిలోకి పోనీయకూడదు. వేడినీటి కుళాయిని మళ్ళీ తిప్పకూడదు. గీజరుపై చన్నీళ్ళు చల్లకూడదు. సేఫ్టీ వాల్వును ముట్టుకోకూడదు. చన్నీళ్ళు గీజరులోకి పోయే దారిని మూయకూడదు. పెరిగిన నీటికి అది ఒక దారి కావచ్చు. అట్లే కొన్ని గంటలు చల్లారనిచ్చి, అర్హత గల ఎలక్ట్రీషియనును పిలవాలి. థర్మోస్టాట్, కటౌట్ రెంటినీ మార్పించడం, వాల్వును పరీక్షింపజేయడం మంచిది. థర్మోస్టాట్ ఖరీదు గీజరు ఖరీదులో చిన్న భాగం. ప్రాణం ఖరీదుతో పోల్చ పనిలేదు.

అతి వేడి లేకపోయినా, కాగిన నీరు ఒక్కటే చాలు గాయపరచడానికి. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మాన్ని అయిదు సెకన్లలో తీవ్రంగా కాల్చగలదు. పసిపిల్లల విషయంలో ఆ గడువు ఇంకా తక్కువ. అందుచేత బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి, ఆ తరువాతనే వేన్నీళ్ళు కలపడం క్షేమం. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్న మాటకు ఇది మరొక అర్థం. ఒంటి మీద వేన్నీళ్ళు పడితే కాలినచోటును 20 నిమిషాల పాటు పారే చన్నీటి క్రింద ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా, వెన్న వంటివి పూయకూడదు. బొబ్బలు చిదపకూడదు. పసిపిల్లలయితే గాయం చిన్నదైనా వైద్యునికి చూపాలి.

రాయి దాచుకున్న నీరు

తెలుగు నాట అనేక ఊళ్ళలో బోరు నీరే ఆధారం. రాతిపొరల నుండి వచ్చే ఆ నీటిలో సున్నపు లవణాలు కరిగి ఉంటాయి. నీరు వేడెక్కినప్పుడు అవి విడిపోయి తెల్లని గారగా కాయిల్‌ను, పీపా గోడలను పట్టుకుంటాయి. గార ఉష్ణాన్ని సరిగా ప్రసరింపనీయదు. కాయిల్ లోపల వేడి పేరుకొని, లోహం కాలి చివరకు పగులుతుంది. పగిలిన కాయిల్ నుండి కరెంటు నీటిలోకి దిగే ప్రమాదం కూడా ఉన్నది. థర్మోస్టాట్ కడ్డీ ఉన్న గొట్టానికే గార పట్టితే నీటి అసలు వేడి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసేసరికి నీరు హద్దు దాటి ఉంటుంది. అప్పుడు కొత్త థర్మోస్టాట్ వేసినా రోగం కుదరదు. చికిత్స గారకు జరగాలి.

నీరు గట్టిదైన ఊళ్ళలో ఏడాదికొకసారి గీజరును విప్పించి గార తీయించాలి. వెనిగరు, నిమ్మ ఉప్పు వంటి ఆమ్లాలకు గార నురగలు కక్కుతూ కరుగుతుంది. అయితే ఆమ్లాన్ని బ్లీచింగు ద్రావణంతో కలిపితే విషవాయువు పుడుతుంది గనుక ఆ రెంటినీ ఒకచోట చేర్చకూడదు. పీపాలో ఉండే మెగ్నీషియం కడ్డీని కూడా అప్పుడే చూడాలి. పీపా ఉక్కుకు బదులు తాను తుప్పుపట్టి అరిగిపోవడమే ఆ కడ్డీ చేసే త్యాగం. అది పూర్తిగా కరిగిపోయాక తుప్పు పీపాను పట్టుకుంటుంది. వేడిని 60 డిగ్రీలకు మించకుండా పెట్టుకుంటే గార తగ్గుతుంది, కరెంటు ఆదా అవుతుంది. మరీ తగ్గించి గోరువెచ్చగా నిలవ ఉంచడం మాత్రం తగదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక సభకు వచ్చినవారిని బలిగొన్న లెజియనెల్లా అనే సూక్ష్మజీవి 20 నుండి 45 డిగ్రీల నిలవ నీటిలో పెరుగుతుంది.

ఇక ఎర్తింగు లేని గీజరు ఇంటిలో ఉండకూడదు. 2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, 30 మిల్లీఆంపియర్ల లీకును పసిగట్టి తెంచే పరికరం అవసరం. కొనేటప్పుడు ఐ.ఎస్. 2082 ప్రమాణంతో కూడిన ఐ.ఎస్.ఐ. గుర్తు చూసుకోవాలి.

చలిదేశాల బాయిలరు

బ్రిటన్, ఐర్లండు దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మరొక యంత్రాన్ని ఎరుగుదురు. కాంబి బాయిలరు అని దానిని పిలుస్తారు. ఒకే పెట్టె గ్యాసు మంటతో గదులను వెచ్చబరచే రేడియేటర్లకు నీరు పంపుతుంది. కుళాయి తిప్పితే స్నానానికి అప్పటికప్పుడు నీరు కాచి ఇస్తుంది. ఇందులో నిలవ పీపా లేదు. కాని మంట ఇచ్చే వేడిని నీటి ప్రవాహం వెంటనే మోసుకొనిపోవాలి. ప్రవాహం మందగించినదా, వేడి అక్కడే పేరుకుంటుంది. యంత్రం తనంతట తాను ఆగిపోయి తలుపు మూసుకుంటుంది.

ప్రవాహం మందగించడానికి కారణాలు చాలవరకు తెలిసినవే. పంపు పట్టివేయడం, గొట్టాలలో గాలి చేరడం, రేడియేటర్ల ఇనుము నుండి పుట్టిన నల్లని బురద అడ్డుపడడం, వేడి మార్చే పలకలలో గార చేరడం, వేడిని కొలిచే చిన్న పరికరం తప్పుడు లెక్క చెప్పడం. వీటిలో ఇంటివారు చూసుకోదగినవి కొన్నే. యంత్రం చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి ముల్లు 1 నుండి 1.5 బార్ల నడుమ ఉన్నదా? రేడియేటర్ల వాల్వులన్నీ మూసి ఉన్నాయా? రేడియేటరు పైభాగం చల్లగా, క్రింది భాగం వేడిగా ఉంటే అందులోని గాలిని తాళంచెవితో వదలవచ్చు. యంత్రం చల్లారిన తరువాత రీసెట్ మీటను ఒకసారి నొక్కవచ్చు. మళ్ళీ ఆగిపోతే మళ్ళీమళ్ళీ నొక్కకూడదు. పెట్టె మూత విప్పడం గృహస్థు పని కాదు. బ్రిటన్‌లో గ్యాసు యంత్రాల పని చేయడానికి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవారికే చట్టం అనుమతి ఇస్తున్నది.

కనిపించని విషం

మాహన్ యంత్రంలోని లోపం ప్రసక్తికి ఇక రావాలి. గీజరు గ్యాసుదైతే వేడి కంటె పెద్ద శత్రువు మరొకటున్నది. గాలి చాలని చోట మండే గ్యాసు కార్బన్ మోనాక్సైడును పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, ఆపై స్పృహ తప్పడం దాని క్రమం. 2006 అక్టోబరులో గ్రీసు దేశపు కోర్ఫూ దీవిలో, సెలవులకు వెళ్ళిన ఇద్దరు బ్రిటిష్ పిల్లలు తాము బస చేసిన గదిలోనే మరణించారు. ప్రక్కనున్న బాయిలరు నుండి ఈ వాయువు వారి గదిలోకి చేరినది. భారతదేశంలో కూడా కిటికీ మూసిన చిన్న స్నానాల గదులలో గ్యాసు గీజర్లు ఇటువంటి మరణాలకు కారణమవుతున్నాయి. గ్యాసు గీజరు స్నానాల గది బయట, గాలి ఆడే చోట ఉండాలి. పొగ ఇంటి బయటికి పోవాలి. స్నానానికి వెళ్ళినవారు పిలిస్తే పలకకపోతే ఆలస్యం చేయక తలుపు తెరిపించి, గ్యాసు కట్టి, వారిని గాలిలోకి తీసుకొనిరావాలి.

ఎవరు పరీక్షించాలి?

1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్‌టన్ పట్టణంలో ఒక చెప్పుల కర్మాగారపు బాయిలరు పేలి 58 మంది మరణించారు. ఆ దుఃఖం నుండే అక్కడ బాయిలర్ల నిర్మాణానికి నియమావళి పుట్టినది. భారతదేశంలో 1923లో బాయిలర్ల చట్టం వచ్చినది. 2025లో దాని స్థానాన్ని కొత్త చట్టం తీసుకున్నది. ఈ చట్టాల దృష్టి ఆవిరి పుట్టించే కర్మాగారపు పాత్రల మీద ఉన్నది. నూరు డిగ్రీలకు లోపు నీరు కాచే ఇంటి గీజరును చూడడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఇంటి యజమానిదీ యజమానురాలిదీ. దానికి కావలసిన సాధనాలు ఒక గడియారం, వినే చెవి, కారే చుక్కను చూసి బిరడా వెతకని ఓర్పు.

అడవి ఊళ్ళలోనూ ఇంటి వద్దకు కరెంటు తీగ, నీటి గొట్టం చేరిన తరువాత మూడు రాళ్ళ పొయ్యి ప్రక్కకు తొలగి, గోడ మీదికి తెల్లని పీపా ఎక్కడం సహజం. కట్టెలు మోసే బరువు, కళ్ళలోని పొగ తప్పడం చిన్న మేలు కాదు. పామేడు వంటి ఊళ్ళ ఆడపడుచులకు ఆ మేలు అందరి కంటె ఎక్కువగా రావలసి ఉన్నది. అయితే మసిబారిన కాగు నేర్పిన పాఠం పీపాతో పాటు గోడ ఎక్కాలి. ఆవిరికి ఒక దారి ఉండాలి, ఆ దారి ఎన్నడూ మూసుకుపోకూడదు. ఈ ఒక్క నియమం పాటించిన ఇంటిలో వేన్నీళ్ళకు ఇల్లు కాలదు.